వాకింగ్ అయ్యాక మిగిలిన ఇరవై మూడు గంటలు

సూర్యాపేట సద్దుల చెరువు కట్ట మీద, ఇప్పుడు మినీ ట్యాంక్‌బండ్ అంటున్న చోట, తెల్లవారుజామున నడిచేవాళ్లకు కొదవ లేదు. ఐదున్నరకే వచ్చి, చెమట పట్టేదాకా నడిచి, ఏడు కాకముందే ఇల్లు చేరుతారు. కోదాడలోనూ మిర్యాలగూడలోనూ ఇదే వరస. మంచి అలవాటు, ఎవరూ మానొద్దు. ఈ అధ్యాయంలో మాట్లాడుకోబోయేది మాత్రం ఆ తర్వాతి సమయం గురించి. ఇంటికి చేరిన మనిషి టిఫిన్ తిని బండెక్కి దుకాణానికి వెళ్తాడు. అక్కడ కుర్చీ. పదకొండింటికి టీ, మధ్యాహ్నం రెండున్నరకు అన్నం, మళ్లీ కుర్చీ, నాలుగింటికి టీ, ఆరింటికి మిర్చి బజ్జీతో ఇంకో టీ. రాత్రి పదింటికి షట్టర్ దించి వచ్చాక భోజనం, చెయ్యి కడిగిన పావుగంటకు పడక. చెమట పట్టించిన ఆ గంట పోగా ఇరవై మూడు గంటలు ఇట్లా వెళ్లిపోతాయి. ఆర్నెల్లుగా నడుస్తున్నా బెల్టు ఒక్క రంధ్రం కూడా లోపలికి రాలేదని దిగులుపడేవాళ్లకు పట్టుదల తక్కువేమీ లేదు. కొవ్వు చేరేదీ, సత్తువ జారిపోయేదీ ఆ మిగిలిన గంటల్లో. కాబట్టి చెయ్యి పెట్టాల్సింది కూడా అక్కడే. చెయ్యాల్సిన పనులు చిన్నవి, కొన్ని కాస్త వింతగానూ ఉంటాయి. వాటిని ఎందుకు నమ్మాలో, ఎంతవరకు నమ్మాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు కొలత సంగతి తేలాలి. బరువు చూసుకునే మిషన్ మన విషయంలో సగం నిజమే చెబుతుంది. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో పక్కపక్కన అచ్చయింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ సరిగ్గా 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం ఉంది. చూడ్డానికి సన్నగా ఉంటూనే లోపల, ముఖ్యంగా పొట్ట చుట్టూ, కొవ్వు మోయడం మన దేశపు ఒంటి తీరు. భారతీయుల్లో నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమని వైద్యులు చెప్పేది అందుకే. ఐసీఎంఆర్ దేశమంతటా లక్షా పదమూడు వేల మందిని పరీక్షించి చేసిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు, పొట్ట దగ్గర కొవ్వు మితిమీరినవాళ్లు 39.5 శాతం అని ఆ సర్వే లెక్క తేల్చింది. అంటే మనకు కావాల్సింది మొత్తం బరువు తగ్గడం కన్నా నడుము తగ్గడం. టైలర్ మెడలో వేసుకునే టేపు పది రూపాయల వస్తువు, బాత్రూం ముందు పెట్టుకునే మిషన్ కన్నా నిజాయితీగల వస్తువు.

ఈ పొట్ట మన దగ్గరికి ఎట్లా వచ్చిందో తెలిస్తే దాన్ని తీసే దారి కూడా కొంత తెలుస్తుంది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువలోకి నీళ్లు వదలక ముందు ఈ మెట్ట ప్రాంతాల్లో చాలా ఇళ్ల పూట జొన్నలతో, సజ్జలతో గడిచింది. గటక, అంబలి, రొట్టె తినేవాళ్లు. వరి అన్నం పండగనాటి మాట. కాలువ వచ్చాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరిమళ్లయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు లేచి, దేశంలోనే పేరున్న బియ్యం ఊరయింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. 2025 ఉగాది నాడు మన హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్నబియ్యం పథకం మొదలైంది, మనిషికి నెలకు ఆరు కిలోలు. ఆకలి ఎరిగిన నేల మీద ఇది చిన్న గెలుపు కాదు. అన్నాన్ని శత్రువుగా చూపించే డైట్ పుస్తకాలు ఈ చరిత్రను మరిచిపోయి రాసినవి. అయితే కంచంలో అన్నం పెరిగిన ఈ యాభై అరవై ఏళ్లలోనే ఒంటిమీది పని తరిగిపోయింది. నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది, కోతలకు హార్వెస్టర్ వచ్చింది, పొలం గట్టుదాకా బండి వెళ్తోంది. మిల్లులో బస్తాలు మోసే హమాలీ కంచాన్నీ, అదే మిల్లులో ఫ్యాను కింద లెక్కలు రాసే గుమాస్తా కంచాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అన్నం గుట్ట ఇద్దరికీ ఒకే ఎత్తులో ఉంటుంది. హమాలీకి అది కావాలి. గుమాస్తాకు అందులో సగం నడుము చుట్టూ మిగిలిపోతుంది.

ఆ కంచాన్నే ఇంకాస్త దగ్గరగా చూద్దాం. నడుమ అన్నం, దాని నెత్తిన పప్పుచారు పోయడానికి వేలితో చేసిన గుంట, ఒక అంచున రెండు చెంచాల వేపుడు, ఇంకో అంచున తొక్కు. నూట యాభై గ్రాముల బియ్యం వండితే వచ్చే అన్నంలో ఐదు వందల పైన కేలరీలుంటాయి. రెండు పూటలా అంతే తింటే వెయ్యి దాటింది. అందులో మాంసకృత్తులు పాతిక గ్రాములు కూడా లేవు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు, రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంటున్నాయి. మన కంచంలో అది చాలాసార్లు అరవై డెబ్బై దాకా పోతుంది. ఈ వాటా మారాలంటే ఎక్కువమంది మొదట చేసేది అన్నం మానేయడం. మూడు వారాలు మానేసి, నాలుగో వారం పెళ్లి భోజనంలో కూర్చుని, ఐదో వారానికి పాత కంచానికి వచ్చేస్తారు. దీనికన్నా తేలికైన దారి ఒకటుంది. ఏం తింటున్నామో దాదాపు మార్చకుండా, ఏది ముందు తింటున్నామో మార్చడం.

న్యూయార్క్‌లోని వెయిల్ కార్నెల్ వైద్య కళాశాలలో అల్పనా శుక్లా బృందం 2015లో ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. షుగర్ ఉన్న పదకొండు మందికి ఒకే భోజనాన్ని రెండు రోజులు, రెండు వరసల్లో పెట్టారు. ఒక రోజు రొట్టె, పండ్లరసం ముందిచ్చి కూరగాయలు, కోడి మాంసం తర్వాత ఇచ్చారు. ఇంకో రోజు కూరగాయలు, మాంసం ముందు. తిండి అదే, పరిమాణం అదే. కూర ముందు తిన్న రోజున గంట తర్వాత రక్తంలో చక్కెర 37 శాతం తక్కువుంది. పీచు, మాంసకృత్తులు ముందు కడుపులోకి చేరితే వెనక వచ్చే పిండిపదార్థం నిదానంగా కిందికి దిగుతుంది. చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు, దాన్ని అణచడానికి ఇన్సులిన్ వెల్లువలా రానక్కర్లేదు. భోజనం తర్వాత ముంచుకొచ్చే మగతా, మళ్లీ రెండు గంటలకే ఆకలీ చాలామందిలో నెమ్మదిస్తాయి. పదకొండు మంది మీద ప్రయోగం ఒక ఊరికి సరిపోయే రుజువు కాదనే మాట న్యాయమైనది. ఇది నడుము తగ్గిస్తుందని ఆ ప్రయోగం చెప్పలేదు కూడా. నేను దీన్ని సిఫారసు చేసేది ఇంకో కారణానికి. కూర, గుడ్డు, పప్పు ముందు కడుపులో పడితే అన్నానికి చోటు దానంతట అదే తగ్గుతుంది. ఎవరూ ఎవరి కంచంలోంచీ ఏదీ లాక్కోవాల్సిన పని ఉండదు.

ఇక్కడ మన వంటింట్లోంచి వచ్చే అభ్యంతరం ప్రయోగశాల అభ్యంతరాల కన్నా బలమైనది. మన కూర అన్నంలో కలపడానికి వండింది. అందులో ఉప్పు, కారం, నూనె ఆ అన్నాన్ని లెక్కేసుకుని పడతాయి. దాన్ని వట్టిగా తినమంటే నాలుక మండుతుంది, బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు పెరుగుతుంది. నిజమే. అందుకే కంచం వరస మారాలంటే పొయ్యి మీద కూడా ఒక చిన్న మార్పు కావాలి. ఇంటిల్లిపాదికీ వండే కూర అట్లాగే ఉండనిచ్చి, దానికి ముందు తినడానికి ఒక గిన్నె తేలికగా వండినది చేర్చాలి. అలసంద గుగ్గిళ్లో, ఉడికించిన శనగలో, ముద్దపప్పుగా కాకుండా గింజ విడివిడిగా ఉడికిన పెసరపప్పులో దొండకాయో సొరకాయో వేసినదో, కీరదోస ముక్కలూ ఒక గుడ్డో. మధ్యాహ్నానికి పది పదిహేను రూపాయల ఖర్చు. దీన్ని తినడానికి ఐదు నిమిషాలు తీసుకుని, ఆ తర్వాత అన్నం పెట్టుకోవాలి. ముందే వడ్డించుకున్న అన్నం మిగల్చడం మనకు మనసొప్పదు, అన్నం పారేయకూడదని పెరిగినవాళ్లం. కాబట్టి గుగ్గిళ్లు అయ్యేదాకా అన్నం గిన్నె మూత తియ్యకపోవడమే ఉపాయం.

రెండో అలవాటు రాత్రి భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడవడం. పొద్దున గంట నడిచేవాళ్లకు ఇది తీసిపారేయదగ్గదిగా అనిపిస్తుంది. న్యూజిలాండ్‌లో షుగర్ ఉన్న 41 మందిని కొన్నాళ్లు రోజులో ఏదో ఒక వేళ ముప్ఫై నిమిషాలు, మరికొన్నాళ్లు మూడు భోజనాల తర్వాత పదేసి నిమిషాలు నడిపించారు. మొత్తం నడక అంతే. కానీ భోజనం తర్వాత నడిచిన రోజుల్లో తిన్నాక పెరిగే చక్కెర సగటున 12 శాతం, రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం తగ్గింది. 2016లో ఈ ఫలితాలు వచ్చాయి. పనిచేస్తున్న కండరం రక్తంలోంచి చక్కెరను ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా కూడా లాక్కోగలదు. తొడ కండరాలు, పిక్కలు ఒంట్లో పెద్ద గాదెలు, తిన్నాక వాటి తలుపు తెరిస్తే ధాన్యం అటు పోతుంది. మూసి పడుకుంటే దానికి వేరే చోటు వెతుక్కోక తప్పదు. పది నిమిషాల్లో ఎన్ని కేలరీలు కరుగుతాయని అడిగేవాళ్లకు సూటి జవాబు: ముప్ఫై నలభై. ఒక టీకి సరిపోదు. ఆ మాటకొస్తే టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హాడ్జాలు రోజంతా తిరుగుతున్నా, కుర్చీలో కూర్చునే అమెరికన్ల కన్నా మొత్తం మీద పెద్దగా ఎక్కువ కేలరీలు ఖర్చు పెట్టడం లేదని 2012లో హెర్మన్ పాంట్జర్ బృందం లెక్కగట్టింది. నడకతో కేలరీలు కాల్చి తిండి గెలవగలం అన్న నమ్మకం అక్కడే పోయింది. రాత్రి నడక చేసేది వేరే పని. తిన్న అన్నం కొవ్వుగా స్థిరపడే వేళలో దానికి దారి మళ్లించడం. రాత్రి పదింటికి బజారు చీకటి, కుక్కల భయం, ఆడవాళ్లకు మరీ ఇబ్బంది అనే మాట కాదనలేనిది. డాబా మీదో, వరండాలోనో, ఫోను మాట్లాడుతూ హాల్లోనో నడిచినా కండరానికి తేడా తెలియదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ మన ఆడవాళ్లు సాయంత్రాలు చప్పట్లు కొడుతూ గంటల తరబడి వలయంగా తిరుగుతారు. అలుపు గుర్తుండదు. మిగతా మూడు వందల యాభై రోజుల్లో పావుగంట అడగడం అత్యాశ కాదు.

కూర్చునే తీరు మీద కూడా ఒక మాట ఉంది, ఇదే అన్నిటికన్నా వింతగా తోస్తుంది. అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన జేమ్స్ లివైన్ 1999లో పదహారు మందికి ఎనిమిది వారాలు రోజుకు వెయ్యి కేలరీలు అదనంగా తినిపించాడు. ఒకరికి అర కిలో కొవ్వు కూడా చేరలేదు, ఇంకొకరికి నాలుగు కిలోల పైన చేరింది. తేడా జిమ్‌లో లేదు. లేవడం, వంగడం, అటూ ఇటూ తిరగడం, నిలబడి మాట్లాడటం వంటి లెక్కలోకి రాని కదలికల్లో ఉంది. ఎక్కువ తిన్నప్పుడు కొందరి ఒళ్లు తెలియకుండానే ఎక్కువ కదిలింది. 2020లో హాడ్జాల మీద చేసిన ఇంకో పరిశీలనలో వాళ్లూ రోజుకు పది గంటల దాకా విశ్రాంతిగానే ఉంటారని తేలింది. అయితే గొంతుక్కూర్చునో, మోకాళ్ల మీదో ఉంటారు కాబట్టి విశ్రాంతిలోనూ కాళ్ల కండరాలు కొద్దికొద్దిగా పనిచేస్తూనే ఉన్నాయి. పాత బట్టల దుకాణాల్లో తెల్ల పరుపు మీద కూర్చుని, తాను తీయడానికి లేచి, మళ్లీ కూర్చునే మనిషికి రోజూ వంద గుంజీళ్లు పనిలోనే అయిపోయేవి. చక్రాల కుర్చీ, కౌంటరు వచ్చాక అవి పోయాయి. వాటిని తిరిగి తెచ్చుకోవాలంటే నేల మీద కూర్చుని అన్నం తినడం, టీవీ చూసేటప్పుడు సోఫా దిగి కూర్చోవడం, చేతుల సాయం లేకుండా లేవడానికి ప్రయత్నించడం చాలు. అయితే దీన్ని అందరికీ చెప్పకూడదు. మోకాళ్లు అరిగినవాళ్లకూ, ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుమూ కీళ్లూ బిగుసుకుపోయిన ఉమ్మడి నల్లగొండ పెద్దలకూ నేల మీద కూర్చోమనడం క్రూరత్వం. వాళ్లు కుర్చీలోనే ఉండి, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తే సరిపోతుంది.

ఇక సత్తువ. పొట్ట తగ్గాలనుకునే చాలామంది అసలు ఫిర్యాదు నీరసం. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. సగానికన్నా ఎక్కువమంది. వాళ్లలో ఎవరికైనా మెట్లెక్కితే ఆయాసం వస్తే అది బద్ధకం కాదు, రక్తంలో ఆక్సిజన్ మోసే సరుకు తక్కువ. ఆమెను వాకింగ్‌కు రాలేదని ఇంట్లోవాళ్లు దెప్పడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఇక్కడ పనికొచ్చే అలవాటు ఒకటే, ఖర్చు లేనిది. అన్నం తిన్న వెంటనే టీ తాగకపోవడం. టీలోని వగరు పదార్థాలు ఆకుకూరల్లోంచి, పప్పుల్లోంచి వచ్చే ఇనుమును పట్టేసుకుని ఒంటికి పట్టే భాగాన్ని సగానికి పైగా తగ్గిస్తాయి. గంట ఆగి తాగితే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. అదే భోజనంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఎక్కువ పడుతుంది. టీ మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, ఆ అవసరమూ లేదు. మిల్లులో, మార్కెట్ యార్డులో, కలుపు చేలో టీ అంటే పదినిమిషాల విరామం, మాట్లాడుకునే నలుగురు మనుషులు. దాన్ని గంట జరిపితే చాలు. చక్కెర సంగతి మాత్రం లెక్క చూసుకోవాలి. గ్లాసుకు రెండు చెంచాల చొప్పున ఐదు టీలు తాగితే యాభై గ్రాములు, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ పెట్టిన గరిష్ఠ హద్దు టీలతోనే నిండిపోయింది. ఇంకా స్వీటు, కూల్‌డ్రింకు మొదలే కాలేదు. ఇవన్నీ సరిచేసుకున్నా నెల దాటి నీరసం పోకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోవాలి. అలవాట్లు రోగాన్ని దాచిపెట్టడానికి పనికిరాకూడదు.

సద్ది గురించి అడిగేవాళ్లున్నారు కాబట్టి క్లుప్తంగా. వండి ఇరవై నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచిన అన్నంలో జీర్ణం కాని పిండిపదార్థం కొంత పెరుగుతుందనీ, దాన్ని వేడిచేసి తిన్నా చక్కెర కాస్త తక్కువగా పెరుగుతుందనీ 2015 నాటి ఒక ప్రయోగం చూపించింది. లాభం ఉంది, కానీ చిన్నది. రెండింతలు సద్ది తినడానికి అది అనుమతిపత్రం కాదు. మన ఎండాకాలంలో రాత్రంతా బయట ఉన్న అన్నం కడుపు చెడగొట్టొచ్చు, వండిన రెండు గంటల్లోపు చల్లటి చోటికి చేర్చాలి.

నిద్రను అలవాట్ల జాబితాలో చివర పెట్టడం మన పొరపాటు. 2010లో అచ్చయిన ఒక ప్రయోగంలో పది మందికి కేలరీలు తగ్గించి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలు పడకలో ఉండనిచ్చారు. బరువు రెండుసార్లూ ఒకేలా తగ్గింది. కానీ నిద్ర చాలినప్పుడు 1.4 కిలోల కొవ్వు పోతే, చాలనప్పుడు 0.6 కిలోలే పోయింది, మిగతాది కండ. కడుపు మాడ్చుకుని నిద్ర చెడగొట్టుకునేవాళ్లు తమ కండనే తింటున్నారు. అయితే మిల్లులో రాత్రి షిఫ్టు చేసేవాళ్లకూ, హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద లారీ నడిపేవాళ్లకూ, తెల్లవార్లూ తెరిచుండే దాబాల్లో వంట చేసేవాళ్లకూ పెందలాడే పడుకోండని చెప్పడం ఎంత వృథాయో నాకు తెలుసు. వాళ్ల రాత్రి వాళ్ల చేతిలో లేదు. పగటి నిద్రకు చీకటి గది, ఫోను మోగని నాలుగైదు గంటలు ఇంట్లోవాళ్లు కాపలా కాసి ఇవ్వాల్సినవి. షట్టర్ పదింటికి దించే దుకాణదారుకు మాత్రం ఒక వెసులుబాటుంది. అసలు భోజనం ఏడింటికి దుకాణంలోనే డబ్బాలోంచి తినేసి, ఇంటికొచ్చాక మజ్జిగతో సరిపెట్టుకోవడం. ఎనిమిది గంటల్లోనే రోజు తిండంతా ముగిస్తే కొవ్వు కరుగుతుందనే ప్రచారాన్ని మాత్రం నమ్మొద్దు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందిని ఏడాది పాటు పరీక్షించి 2022లో తేల్చిందేమంటే, కేలరీలు ఒకేలా తగ్గించినప్పుడు గంటల హద్దు వల్ల అదనంగా చెప్పుకోదగ్గ లాభం రాలేదు. పెందలాడే తినడం వల్ల నాకు కనిపించే ప్రయోజనం నిద్ర తేలికగా పట్టడం, నడవడానికి వేళ మిగలడం.

ఇంత ఓపిక ఎందుకు, నెలలో పది కిలోలు తగ్గించే డైట్లు ఉండగా అనే ప్రశ్నకు గౌరవంగానే జవాబివ్వాలి. తెలుగు రాష్ట్రాల్లో ఈ పది పదిహేనేళ్లలో అటువంటివి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, కొందరు నిజంగానే తగ్గారు. పిండిపదార్థం ఒక్కసారిగా మానేస్తే మొదటి వారాల్లో పోయేదాంట్లో నీళ్లు చాలా ఉంటాయి, అందుకే ముల్లు అంత వేగంగా దిగుతుంది. షుగర్ మాత్రలో, ఇన్సులిన్‌లో తీసుకుంటున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఆ పని చేస్తే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి రావొచ్చు. గుగ్గిళ్లు ముందు తినడం మొదలుపెట్టినవాళ్లు కూడా మాత్రల మోతాదు సంగతి డాక్టరుకు ఒకసారి చెప్పాలి. అదీగాక ఆ డైట్లలో ఇంట్లో ఒకరికి వేరే వంట కావాలి. ఆ వేరే వంట చేసేది ఎవరో, ఎన్నాళ్లు చేయగలరో ఆలోచిస్తే అవి ఎందుకు నిలబడవో తెలుస్తుంది. ఇక్కడ చెప్పినవి ఇల్లంతా ఒకే కంచం తింటూ చేయగలిగినవి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. మొదటి రెండు వారాలు రాత్రి నడక ఒక్కటే. తర్వాత గుగ్గిళ్ల గిన్నె. టీ గంట జరపడం ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు. మొదలుపెట్టే రోజు పొద్దున్నే, ఏమీ తినకముందు, గాలి మామూలుగా వదిలి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన టేపు చుట్టండి. పొట్ట లోపలికి లాగొద్దు, టేపు బిగించొద్దు. వచ్చిన అంకెను వంటింటి క్యాలెండర్లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో రాసి, పన్నెండు వారాలు ముందుకు లెక్కబెట్టి అక్కడొక గీత పెట్టండి. మధ్యలో కొలవకండి.